కుందేలు కొనిపెట్టిన పొలం: బియాట్రిక్స్ పాటర్ ఊళ్ళలో మా తిరుగుడు

పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ సృష్టించిన పీటర్ రాబిట్ అనే కుందేలు పుట్టిన చోటు చూద్దామని ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆవిడ ఇల్లు హిల్ టాప్‌కి వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట. ఆ కుందేలు అక్కడ పుట్టలేదు. 1893లో స్కాట్లండ్‌లోని డన్‌కెల్డ్‌లో సెలవులకి ఉన్నప్పుడు, మంచాన పడ్డ ఓ పిల్లవాడికి పాటర్ బొమ్మలు వేసి రాసిన ఉత్తరంలో పుట్టింది. 1902లో పుస్తకంగా వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఆ డబ్బుకి బంధువుల నుంచి వచ్చిన కొంత సొమ్ము కలిపి, 1905లో ఆవిడ నియర్ సారీ అనే పల్లెలో హిల్ టాప్ పొలం కొన్నారు. కాబట్టి అక్కడ వెతకాల్సింది, ఆ పొలం మీద ఆవిడ రాసిన కథల్లోని జెమీమా బాతుని, టామ్ కిట్టెన్ అనే పిల్లికూనని.

లండన్ యూస్టన్‌లో రైలెక్కి ఆక్సన్‌హోమ్‌లో మారితే విండర్‌మియర్ ఊరిదాకా వెళ్ళిపోవచ్చు. చాలామంది పక్కనే ఉన్న బౌనెస్‌లో బస చేస్తారు. సరస్సు ఒడ్డు, పడవలు, ఐస్‌క్రీమ్ కొట్లు, వేసవిలో జాతరంత జనం. మేం కాస్త పైకి, ఆంబుల్‌సైడ్‌లో ఒక బీ అండ్ బీ, అంటే పొద్దున టిఫిన్‌తో గది ఇచ్చే ఇల్లు, తీసుకున్నాం. హాక్స్‌హెడ్ వైపుకీ కెజిక్ వైపుకీ అక్కడి నుంచి నేరుగా బస్సులున్నాయి. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ దండిగా పెట్టారు. కానీ లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా, మనిషి పట్టేంత వెడల్పే. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు మొదటిరోజే "ఇంకోసారి దిగితే మళ్ళీ ఎక్కను" అనేశారు. ఇక్కడి ఇళ్ళు చాలావరకు పాతకాలపు రాతికట్టడాలు. పెద్దవాళ్ళు వెంట ఉంటే కింది అంతస్తు గది ఇస్తారా అని బుక్ చేసేముందే అడగండి. సీజన్లో శని ఆదివారాలకి రెండు రాత్రుళ్ళకి తగ్గకుండా తీసుకోవాలనే షరతు చాలాచోట్ల ఉంది.

హిల్ టాప్‌కి బౌనెస్ దగ్గర ఫెర్రీలో సరస్సు దాటడం నాకు నచ్చిన దారి. ఇనప తాళ్ళు పట్టుకుని అటూ ఇటూ నడిచే బల్లకట్టు అది, కార్లు కూడా ఎక్కిస్తారు. అవతలి ఒడ్డు నుంచి ఎత్తెక్కుతూ సుమారు రెండు మైళ్ళ నడక. ఇల్లు చాలా చిన్నది, అందుకే టైమ్ వేసిన టికెట్ల మీద కొద్దికొద్ది మందినే పంపుతారు. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, తేదీలు చూసుకుని ముందే బుక్ చేసుకోవాలి. కార్ పార్కింగ్ కూడా చిన్నదే.

లోపల మసక చీకటి. కళ్ళు అలవాటు పడేసరికి కొంచెం టైమ్ పట్టింది. మా పాప సామ్యూల్ విస్కర్స్ ఎలుక కథ పుస్తకం వెంట తెచ్చుకుంది. హాల్లో గోడవార ఉన్న పింగాణీ పళ్ళేల అలమర ముందు నిలబడి, పుస్తకంలో పేజీ తీసి, అదే అలమర అని వేలు పెట్టి చూపించింది. తర్వాత మెట్లు, మెట్ల మలుపు. ఆ పల్చటి పుస్తకం లేకపోతే మాకు అదొక పాత ఇల్లే. పుస్తకం తప్పకుండా పట్టుకెళ్ళండి. బయట కూరగాయల మడిలో రూబర్బ్ మొక్కలున్నాయి, జెమీమా గుడ్లు దాచబోయిన చోటు. ఇంట్లో కంటే నేను ఆ మడి దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను.

ఇంకో సంగతి. పాటర్ హిల్ టాప్‌లో కాపురం ఉండలేదు. 1913లో విలియం హీలిస్ అనే లాయర్ని పెళ్ళాడాక, అదే ఊళ్ళో ఉన్న కాజిల్ కాటేజ్‌లో కాపురం పెట్టి, హిల్ టాప్‌ని తన పనికీ, ఇష్టమైన సామాన్లకీ అట్టే పెట్టుకున్నారు.

హాక్స్‌హెడ్‌లో కవి వర్డ్స్‌వర్త్ చదివిన బడి ఉంది. ఊరు ముద్దుగా ఉంది, ఒక పూట చాలు. సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి, తిరుగు బస్సు టైమ్ చూసుకోకపోతే టెన్షనే. బౌనెస్‌లో కథాపాత్రల బొమ్మలతో ఒక ప్రదర్శన కూడా ఉంది. చిన్నపిల్లలుంటేనే వెళ్ళండి, వానరోజుకి పనికొస్తుంది.

నన్నడిగితే అసలు సరుకు ఉత్తరాన ఉంది. 555 బస్సులో కెజిక్ వెళ్ళి డర్వెంట్‌వాటర్ సరస్సు చుట్టూ తిరిగే లాంచీ ఎక్కండి. పాటర్ రాసిన నట్కిన్ ఉడుత కథలో ఆ ఉడుత, దాని చుట్టాలు తోకలు తెరచాపలు చేసుకుని తెప్పల మీద వెళ్ళే గుడ్లగూబ దీవి, ఈ సరస్సులోని సెయింట్ హెర్బర్ట్స్ దీవే. 1903లో ఆ పుస్తకం వచ్చింది. లాంచీ దీవి పక్కగా వెళ్తుంటే పాప పేజీలు తిప్పుతూనే ఉంది. పడమటి ఒడ్డున దిగితే 451 మీటర్ల క్యాట్‌బెల్స్ కొండ. పైకి ఓపికలేనివాళ్ళు ఒడ్డు వెంబడి చెట్ల నీడన నడిచి తర్వాతి రేవులో మళ్ళీ లాంచీ ఎక్కొచ్చు. అత్తయ్యగారు ఈ ట్రిప్‌లో విసుక్కోని చోటు ఇదొక్కటే.

ఈ నేల ఇంకా బొమ్మల్లో ఉన్నట్టే ఉండటంలో పాటర్ పాత్ర చాలా ఉంది. పుస్తకాల డబ్బుతో పొలం మీద పొలం కొంటూ పోయి, 1943లో చనిపోయేనాటికి 4,000 ఎకరాలకి పైగా, పాత ఇళ్ళనీ నేలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చారు. కొండ పొలాల్లో హెర్డ్‌విక్ గొర్రెలనే పెంచాలన్నది ఆవిడ కోరిక. పుట్టినప్పుడు నల్లగా ఉండి, వయసుతో బూడిద రంగుకి తిరిగే గొర్రెలవి. దారిపొడవునా అవే కనిపిస్తాయి.

గొడుగు ఇంట్లోనే వదిలేయండి, కొండగాలికి ఆగదు. వానకోటు, పట్టున్న బూట్లు చాలు. కొట్లలో హెర్డ్‌విక్ ఉన్ని స్వెటర్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఆ ఉన్ని గరుకు. కార్పెట్లకి వాడే రకం. కొనేముందు ఒకసారి మెడకి ఆనించి చూసుకోండి.