ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగని కారు: పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు, మారతహళ్లి దాటాక ఆ యార్డు. ఏదో మీకు తెలుసు, మన తెలుగువాళ్లలో సగం మంది అక్కడే కొన్నారు. పేరు రాయడం లేదు, లాయరు వద్దన్నాడు. 2019 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, తెలుపు, మీటరులో 41 వేలు, ధర 4 లక్షల 85 వేలు. మా అమ్మాయికి పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చింది, తన కోసం. కథ ఇంతే, ఇక అంతా ఆ కారు సంగతే.

తాళం ఆన్‌లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచితే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ బొమ్మ వెలిగి, కొన్ని సెకన్లకి తనంతట తానే ఆరిపోవాలి. ఈ కారులో అది వెలగనే లేదు. ఆ సంగతి చూసింది ఎప్పుడనుకున్నారు? డబ్బు కట్టిన మూడో రోజు. పదిమందికి కార్లు చూసిపెట్టి "తాళం తిప్పగానే లైట్లు చూడండి" అని ఉపన్యాసాలిచ్చే నేను, ఏసీ చల్లదనం, పాలిష్ మెరుపు చూసి మురిసిపోయాను. మెకానిక్ మీటరు విప్పాడు. ఎయిర్‌బ్యాగ్ బొమ్మ వెనక, సరిగ్గా దాని కొలతకి కత్తిరించి అంటించిన నల్ల టేపు ముక్క. అంత శుభ్రంగా కత్తిరించారంటే చేసినవాడికి అది మొదటి కారు కాదు.

ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా "అన్నా, మనం మనం" అన్నవాడు ఆ రోజు "సార్" అన్నాడు. అన్నాక ఏమన్నాడో మాట తేడా లేకుండా రాస్తున్నా: "పిల్ల నేర్చుకోవడానికే కదా సార్, నేర్చుకునే బండికి ఎయిర్‌బ్యాగ్ ఎందుకు, మెల్లగా నడపమనండి." వెనక ఎవరో నవ్వారు కూడా. కొత్తగా స్టీరింగ్ పట్టుకున్న పిల్లకి ఎయిర్‌బ్యాగ్ అక్కర్లేదట! ముప్ఫై ఏళ్లు నడిపినవాడికి కావాలి కాబోలు! డెలివరీ నోట్ మీద "యాజ్ ఈజ్ వేర్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టే) అని ఉంది, సంతకం మీదే కదా అని గుర్తుచేసి పెట్టేశాడు. సంతకం నాదే. కళ్లజోడు కూడా నాదే, జేబులో ఉంది.

టేపు ఎందుకు అంటించారో కారు విప్పాక తెలిసింది. అది నీళ్లలో మునిగిన బండి. ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే కంట్రోల్ మాడ్యూల్ ఎక్కడో పైన ఉండదు, గేర్ రాడ్ దగ్గర నేల మీదే బిగించి ఉంటుంది. కారులోకి సీటు ఎత్తు దాకా నీళ్లొస్తే ముందు పోయేది అదే. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి చూడండి, ఆ పసుపు ఎయిర్‌బ్యాగ్, బెల్టు వైరింగ్‌కి గుర్తు. ఈ కారులో వాటి లోపలి పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మాడ్యూల్ పోతే బెల్టుని గుద్దిన క్షణంలో బిగించే ప్రీటెన్షనర్ కూడా పనిచేయదు. బెల్టు కుదుపుకి లాక్ అవుతుంది, అంతవరకే. మాడ్యూల్, రెండు ప్రీటెన్షనర్లు, సీట్ల కింది వైరింగ్ కలిపి లక్షా పదిహేను వేలు చెప్పారు.

డ్రైవర్ బెల్టు చివరిదాకా లాగితే ఆఖరి జానెడు మేర మట్టి చార. మనం రోజూ లాగేది సగమే కాబట్టి కడిగేవాళ్లూ సగమే కడుగుతారు. సీటు బోల్టుల అంచులకి పెయింట్ లేచిపోయి ఉంది, అంటే సీట్లు ఊడదీసి మళ్లీ బిగించారు. ఐదేళ్లు దాటిన కారులో కార్పెట్ మాత్రం కొత్తది, దాని కింద స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు. ఆ మల్లెపూల సెంటు దేనికి కొట్టారో అప్పుడు అర్థమైంది.

ఇక కాగితాలు. ఇవన్నీ నా చేతిలోనే ఉన్నాయి, అదీ బాధ. నంబరు కేఏ 53, అంటే కేఆర్ పురం, లోకల్ బండి అనుకున్నాను. కానీ 2019 కారుకి అంత కొత్త అక్షరాల సిరీస్ ఎలా వస్తుంది? పక్కన పార్క్ చేసిన 2019 కార్లతో పోల్చి చూసినా దొరికేవాడు. ముందు అది టీఎన్ 14, చెన్నై షోళింగనల్లూరు బండి, ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) మీద ఇటు వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి పళ్ళికరణై, పెరుంబాక్కం, వేళచ్చేరి వైపు ఎన్ని కార్లు మునిగాయో టీవీలో అందరం చూశాం. (చెన్నై వాళ్లనే అనుకోకండి, 2022 సెప్టెంబరులో మన బెళ్లందూరు వైపు మునిగినవీ ఎక్కడో ఒక ఊళ్లో "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్" అయ్యే ఉంటాయి.)

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం పాత ఇన్సూరెన్స్ కాపీ. 2019 ఫిబ్రవరిలో కొన్న కారు, ఒకే ఓనరు. క్లెయిము లేకుండా నడిస్తే నో క్లెయిమ్ బోనస్ ఏటా 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతుంది. 2024 ఫిబ్రవరి రెన్యువల్‌లో 50 ఉండాలి. అక్కడ సున్నా ఉంది. ఓనరు మారకుండా, పాలసీ లాప్స్ కాకుండా సున్నా అయిందంటే ఆ ముందు ఏడాది క్లెయిము పడిందని అర్థం. ముందటి పాలసీ కాపీ పక్కన పెట్టుకుని చూస్తే రెండు నిమిషాల పని. నేను చూసింది ప్రీమియం ఎంతని.

ఇంకో తెలివితక్కువతనం. బ్లూటూత్ ఓబీడీ పరికరం (కారు కంప్యూటరులోని ఎర్రర్ కోడ్లు ఫోన్‌లో చూపించేది) గుచ్చి "ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు" అని గర్వపడ్డాను. వెయ్యి రూపాయల పరికరం చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతుంది. ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ కోడ్లు చదవాలంటే గ్యారేజీవాళ్ల పెద్ద స్కానర్ కావాలి. అది పెడితే ఈ కారులో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అసలు పలకలేదు. ఇంజన్ కోడ్లు కూడా మీరు రాకముందే చెరిపేసి ఉండొచ్చు. అందుకే రెడీనెస్ మానిటర్లు (కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించేవి) చూడండి, ఎక్కువ భాగం "నాట్ రెడీ" అని ఉంటే కోడ్లు ఈ మధ్యే తుడిచారని, లేదా బ్యాటరీ తీశారని.

లైటుతో ఆడే ఆటలు ఇంకా ఉన్నాయి. కొందరు టేపు బదులు ఎయిర్‌బ్యాగ్ లైటుని ఆయిల్ లైటు వైరుకి కలుపుతారు. తాళం తిప్పగానే బుద్ధిగా వెలుగుతుంది. పట్టుకోవడం తేలిక: ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఆయిల్, బ్యాటరీ లైట్లు వెలుగుతూనే ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కటే ముందు ఆరాలి. అన్నీ స్టార్ట్ అయ్యాకే కలిసి ఆరితే ఆ కారు వదిలేయండి. ఇంకా ఘోరం, పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ స్థానంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే మాడ్యూల్‌ని నమ్మించే రెండు మూడు ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం. లైటు మామూలుగానే ఆరుతుంది, స్కానర్ కూడా సరే అంటుంది. అప్పుడు స్టీరింగ్ మధ్య మూత, ఎడమవైపు డ్యాష్‌బోర్డు అతుకులు, రంగు తేడా కళ్లతోనే చూడాలి.

ఏ కారు కొనాలని అడిగేవాళ్లకి: మామూలు పెట్రోల్, టర్బో వద్దు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా ఆపేది) ఉండి తీరాలి. ఖాళీ రోడ్డు మీద నలభై వేగంలో బ్రేకు గట్టిగా తొక్కితే పెడల్ కాలికింద దడదడలాడాలి. ముందు సీటు రెండోవైపు ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2021 డిసెంబరు 31 నుంచే, అంతకుముందు బండైతే వేరియంటు చూసుకోండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో 2020 జనవరిలో టాటా ఆల్ట్రోజ్‌కి ఐదు నక్షత్రాలు, టియాగోకి నాలుగు వచ్చాయి. కానీ ఆ నక్షత్రాలు ఎయిర్‌బ్యాగులు పనిచేసే కారుకి, టేపు అంటించిన దానికి కాదు. పదహారు పదిహేడేళ్ల పిల్లలకి "లేఅవుట్‌లోనే కదా" అని తాళం ఇచ్చేవాళ్లు మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ చదవండి. తల్లిదండ్రులకి మూడేళ్లదాకా జైలు, 25 వేల జరిమానా, కారు రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్లదాకా లైసెన్సు లేదు.

కొనేశాక మోసం తెలిసినవాళ్లు జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు, కొన్న ధర 5 లక్షలలోపైతే ఫీజు లేదు. నాది వేస్తున్నా. మీటరు విప్పేటప్పుడు టేపు తీయకముందే వీడియో తీయించడం ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని.

నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది, లక్ష తగ్గించుకుని వెనక్కి తీసుకుంటాడట. "అన్నా" అన్నాడు. ఒకవేళ కేసు తేలాక ఆ కారు మళ్లీ అదే యార్డులో నిలబడితే, తెల్ల హ్యాచ్‌బ్యాక్, కేఏ 53, డ్రైవర్ బెల్టు చివరిదాకా లాగి చూడండి. నేను కడగలేదు.