రొయ్యల గుంట సెన్సర్ డ్రైవర్: కెర్నెల్‌లోకి పంపడమా, బయటే ఉంచుకోవడమా?

ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల్లో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగనీయకూడదు. ఆ రీడింగును చిన్న లినక్స్ బోర్డుతో తీసుకోవాలంటే మూడు దారులున్నాయి: డ్రైవర్ (సెన్సర్‌తో మాట్లాడే కోడ్) లేకుండా చదవడం, డ్రైవర్‌ని కెర్నెల్ (లినక్స్ మూల భాగం) బయట మాడ్యూల్‌గా ఉంచుకోవడం, కెర్నెల్‌లోకే పంపడం.

సెన్సర్ ఒక్కటే, నిమిషానికోసారి చదివితే చాలు అనుకుంటే డ్రైవరే అక్కర్లేదు. ఐ2సీ (సెన్సర్‌ని బోర్డుకు కలిపే రెండు తీగల లైను) పరికరాలను మామూలు ప్రోగ్రాములకు అందించే ఐ2సీ-డెవ్ మీదుగా పైథాన్ ప్రోగ్రామ్ సరిపోతుంది. ఇంటరప్టులు (సెన్సరే పిలిచి చెప్పే సంకేతాలు) కావాలన్నా, అదే సెన్సర్‌ని పదిమంది వాడబోతున్నా అప్పుడు డ్రైవర్ సంగతి. అప్పుడైనా ముందు కెర్నెల్‌లోని ఐఐఓ (సెన్సర్ల విభాగం) కెమికల్ ఫోల్డర్ వెతకండి. అట్లాస్ సైంటిఫిక్ ఆక్సిజన్, పీహెచ్ మాడ్యూళ్లకు డ్రైవర్ అందులో ఉంది.

బయటి మాడ్యూల్ సాయంత్రానికల్లా పనిచేస్తుంది, తప్పులెన్నేవాళ్లూ ఉండరు. చిక్కంతా తర్వాతే. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారవన్న హామీ ఎవరూ ఇవ్వరు. కెర్నెల్ 6.1లో ఐ2సీ డ్రైవర్ల రిమూవ్ ఫంక్షన్ (డ్రైవర్‌ని తీసేటప్పుడు నడిచేది) తిరిగిచ్చే విలువ టైపు 'ఇంట్' (పూర్ణాంకం) నుంచి 'వాయిడ్' (ఏమీ ఇవ్వదు)కి మారింది. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లన్నిటినీ ఆ మార్పుతోపాటే సరిదిద్దారు, బయటివి ఎవరివి వాళ్లే చూసుకోవాలి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌ని తిరిగి కంపైల్ చేసే డీకేఎంఎస్ పెట్టుకున్నా అది మీ పాత కోడ్‌నే కొత్త హెడర్లతో (కెర్నెల్ ఫంక్షన్ల రూపం చెప్పే ఫైళ్లు) కంపైల్ చేయబోయి, టైపు పొసగక ఆగిపోతుంది. అప్‌డేట్ రోజున పాత కెర్నెలే నడుస్తుంటుంది కనుక ఎవరూ గమనించరు. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చి బోర్డు మళ్లీ లేచాక మాడ్యూల్ ఉండదు, రీడింగ్ రాదు.

కెర్నెల్‌లోకి పంపితే ఈ బెడద తీరుతుంది, కానీ కోడ్‌ని జల్లెడ పడతారు. కోడ్ రాసే తీరును చూసే 'చెక్‌ప్యాచ్' స్క్రిప్టును స్ట్రిక్ట్ ఆప్షన్‌తో నడిపి వార్నింగులన్నీ తీర్చినా అది పైపూతే. అసలు చూసేది తప్పు జరిగినప్పటి దారి. ఉదాహరణకు, ప్రోబ్‌లో (సెన్సర్ దొరకగానే నడిచే ఫంక్షన్) రెగ్యులేటర్ (సెన్సర్‌కి పవర్ ఇచ్చేది) ఆన్ చేశారు, తర్వాత చిప్ ఐడీ చదవడం విఫలమైంది, అక్కడే రిటర్న్ అయ్యారు. సెన్సర్‌కి పవర్ అలాగే ఉండిపోయింది. 'డెవ్ఎం' ఫంక్షన్లు వాడితే తీసుకున్నవాటిని విడిపించే పని కెర్నెలే చూస్తుంది. అయితే సగం డెవ్ఎం, సగం చేత్తో కలిపితే ఇంకో ప్రమాదం: రిమూవ్‌లో పవర్ ముందే పోతుంది, ఇంటరప్టు ఇంకా బతికే ఉంటుంది.

యూనిట్లూ అంతే ముఖ్యం. ఐఐఓలో గాఢతను శాతంలో ఇవ్వాలి, అంటే 4 మిల్లీగ్రాములు సుమారు 0.0004. ఉష్ణోగ్రత మిల్లీ డిగ్రీల్లో. ఇక్కడ తప్పితే నీటిలో గాలి కలిపే ఏరేటర్‌ని తిప్పే ప్రోగ్రామ్ తప్పు అంకెను నమ్ముతుంది. అందుకే ఈ పట్టుదలను చాదస్తమనుకోకండి.

పంపేటప్పుడు డివైస్‌ట్రీ బైండింగ్ (బోర్డు మీది సెన్సర్‌ని ఎలా వర్ణించాలో చెప్పే ఫైలు) మొదటి ప్యాచ్ (కోడ్ మార్పు), డ్రైవర్ రెండోది. ఎవరికి పంపాలో 'గెట్ మెయింటైనర్' స్క్రిప్టు చెబుతుంది. సైన్డ్-ఆఫ్-బై లైను (ఈ కోడ్ పంపే హక్కు నాకుందనే సంతకం) పెట్టి, అటాచ్‌మెంటు లేకుండా మామూలు టెక్స్ట్ మెయిల్‌గా పంపాలి. జవాబు రాకపోతే కనీసం వారం ఆగాకే గుర్తుచేయాలి. కొత్త కెర్నెల్ 9, 10 వారాలకోసారి వస్తుంది కాబట్టి ఒక విండో (కొత్త కోడ్ చేర్చుకునే గడువు) తప్పితే రెండు నెలలు పోయినట్టే.

ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్లుండే స్టేజింగ్ ఫోల్డర్ అడ్డదారి కాదు. 2008లో కెర్నెల్ 2.6.28తో వచ్చింది, చేయాల్సిన పనుల జాబితా జతచేయాలి, పని సాగకపోతే తీసేస్తారు. చిన్న ఐ2సీ సెన్సర్‌కి దానితో పనిలేదు.

ఒకటికి మించి గుంటల్లో పెట్టే సెన్సరైతే నేరుగా కెర్నెల్‌కే పంపడం మేలు. ఆమోదం వచ్చేదాకా అదే కోడ్‌ని బయటి మాడ్యూల్‌గా నడపండి. కెర్నెల్ ప్యాకేజీని మాత్రం 'ఏపీటీ-మార్క్ హోల్డ్' కమాండుతో అప్‌డేట్ కాకుండా ఆపి, రొయ్యల పట్టుబడి అయ్యాకే వదలండి.