పక్షుల ఫోటో టూర్‌కి డబ్బు కట్టేముందు కొమ్మ చూడండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళ చేతుల్లో పెద్ద లెన్సులు బాగానే కనిపిస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. "సహజ వాతావరణంలో వలస పక్షులు, దగ్గర నుంచి, గ్యారంటీ" అంటూ నంది కొండల వైపు ఒకరోజు టూర్ అమ్ముతున్నారు. తలకి 6,500. మొత్తం ముందే యూపీఐలో కట్టాలి.

నేనూ కట్టి వెళ్ళాను. తెల్లవారకముందే తీసుకెళ్ళి దించింది ఒక ద్రాక్షతోట వెనక. పచ్చ షేడ్‌నెట్ కట్టిన రేకుల షెడ్డు, ఎదురుగా సిమెంటు గుంట, గట్టున నాచు అతికించిన కొమ్మ. ఆ కొమ్మకి వెనకవైపు డ్రిల్లుతో వేసిన బెజ్జాలు. ఒక కుర్రాడు వాటిలో మీల్‌వార్మ్ పురుగులు కుక్కుతున్నాడు. గుంటలో ముంచిన టబ్బులో బతికున్న చేపపిల్లలు, లకుముకి పిట్ట కోసమట. పొదలో బ్లూటూత్ స్పీకర్. వాళ్ళమ్మిన సహజ వాతావరణం ఇదీ!

పొన్నంగి పిట్ట వచ్చింది, అబద్ధమెందుకు. దాని కూతనే స్పీకర్‌లో వేసి వేసి రప్పించారు. హిమాలయాల దిగువన, మధ్య భారతంలో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా వచ్చే పిట్ట అది. రాలిన ఆకులు కెలుక్కుంటూ తిండి వెతుక్కునే పొద్దుటిపూట, తన జాగాలో ఇంకొకటి దూరిందనుకుని లేనిదాన్ని తరుముతూ తిరిగింది. పక్కవాళ్ళ షట్టర్లు ఆగలేదు. నేను కెమెరా బ్యాగులో పెట్టేసి డబ్బు వెనక్కి అడిగాను.

"పక్షి వచ్చింది కదా సార్, స్వల్ప అడ్జస్ట్ మాడి (కొంచెం సర్దుకోండి)" అన్నాడు నిర్వాహకుడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' నిర్వచనంలోనే ఎర పెట్టడమూ ఉందన్నాను. "మేమేం చంపట్లేదు కదా" అన్నాడు. రిఫండ్ మాటెత్తితే ఫోన్ కూడా తీయడం మానేశాడు.

కట్టేముందు వాళ్ళ పాత ఫోటోలన్నీ ఒకసారి వరసగా తిప్పండి. పిట్టలు మారుతున్నా కొమ్మ అదే, నాచు అదే, వెనక మసక పచ్చదనం అదే అయితే అది స్టూడియో కింద లెక్క. సగం ఫోటోల్లో పిట్ట చూపు కొమ్మ బెజ్జం మీదే ఉంటుంది. ఎర పెడతారా, కూత వినిపిస్తారా, రిఫండ్ ఎప్పుడిస్తారు అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో వద్దు. ఇక అడవి పిట్ట విషయంలో 'గ్యారంటీ' అన్నవాడు ఏదో ఏర్పాటు చేశాడనే నా లెక్క.

ఏ చెరువు దగ్గర ఏ నెలలో ఏవి కనిపిస్తున్నాయో, పక్షుల్ని చూసేవాళ్ళు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చలికాలంలో బెంగళూరులోని జక్కూరు చెరువుకి వెళితే షవెలర్ బాతులు కనిపించే అవకాశం ఎక్కువ. దూరంగా ఉంటాయి, ఫ్రేములో చిన్నగానే వస్తాయి, నాకు ఆ ఫోటోలే నచ్చుతాయి.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్ళు ప్రకటన స్క్రీన్‌షాట్లు, చెల్లింపు రసీదు దాచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, మీరు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నా ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. మొన్న అదే టూర్ ప్రకటన మళ్ళీ కనిపించింది. పేరు కొత్తది, ధర 7,500.