గుండె డాక్టరుకు ఐదు స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కు ఒకటి

మా పెద్దనాన్నకు ఛాతీనొప్పి వస్తే హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. స్టెంట్ వేశారు. ఇప్పుడు లేచి తిరుగుతున్నారు.

వైద్యం విషయంలో వంక పెట్టడానికి లేదు. యాంజియోగ్రామ్ అయ్యాక డాక్టరుగారు స్క్రీన్ పెద్దనాన్న వైపు తిప్పి, ఏ రక్తనాళం ఎక్కడ పూడుకుపోయిందో ఆయనకే చూపించారు. కార్డు మీద వచ్చిన పేషెంటు కదా అని ఒక్క మాట తగ్గించి చెప్పలేదు. నర్సులూ అంతే.

బిల్లింగ్ కౌంటర్ దగ్గరే ఒళ్లు మండింది. "ముందు టెస్టులకు కట్టండి, అప్రూవల్ వచ్చాక చూద్దాం" అన్నారు. రసీదు ఇస్తారా అంటే ఒక చిత్తుకాగితం మీద పెన్నుతో అంకె వేసి ఇచ్చారు. ఆసుపత్రి పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. పెద్దమ్మ అప్పటికే ఎవరిని అప్పు అడగాలా అని ఫోన్‌లో నంబర్లు వెతుకుతోంది. నొప్పితో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

ఆరోగ్యశ్రీ పేషెంట్లకు సాయం చేసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడని అడిగితే మందుల షాపు వెనక్కి చూపించారు. లోపలికి రాగానే కనబడాల్సిన డెస్క్ అది. అక్కడున్న అమ్మాయి మాత్రం బంగారం. "ఆ కాగితం నాకివ్వండి అమ్మా" అని తీసుకుని నేరుగా కౌంటర్‌కు వెళ్లింది. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ డబ్బు అడగలేదు.

ఆమె చెప్పినవి అందరికీ తెలియాలి. ప్యాకేజీలోనే టెస్టులు, స్టెంట్, బెడ్, మందులు, పేషెంటుకు భోజనం అన్నీ ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు, ఇంటికెళ్లే ఛార్జీలు కూడా ఆసుపత్రే ఇవ్వాలి. ఈ డబ్బు ప్రభుత్వం నుంచి ఆసుపత్రికి వస్తుంది. నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు వీటన్నిటికీ ఒప్పుకునే సంతకం పెడతారు. 2007లో పథకం మొదలైనప్పటి నుంచీ నగదు లేకుండా వైద్యం అన్నదే దాని ప్రాణం. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితి 10 లక్షలకు పెంచారు. పరిమితి ఎంత పెంచినా కౌంటర్ దగ్గర చిత్తుకాగితం చేతిలో పెడితే పేదవాడికి ఒరిగేదేముంది?

బకాయిలు నెలల తరబడి రావడం లేదని ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలున్నాయి. ఆ బాధ నిజమే, ప్రభుత్వం సకాలంలో చెల్లించి తీరాలి. కానీ ఆ లోటు మంచం మీదున్న పేషెంటు దగ్గర పూడ్చుకుంటామంటే ఎలా ఒప్పుకుంటాం?

డిశ్చార్జి రోజు ఇంకో సంగతి. సేవలతో తృప్తిగా ఉన్నామని రాసున్న ఫారం మీద ముందే సంతకం పెట్టమన్నారు. మందులు, ఛార్జీలు చేతికొచ్చాకే పెడతామన్నాను. కాసేపు గొణిగి రెండూ తెచ్చిచ్చారు. మీరూ అలాగే చేయండి. కౌంటర్‌లో ఏ కాగితం ఇచ్చినా ఫొటో తీసి పెట్టుకోండి. ఆరోగ్యమిత్ర కనబడకపోతే అక్కడి నుంచే హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి.

ఫాలోఅప్‌కు ఆ డాక్టరు దగ్గరికే వెళ్తున్నాం. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీతో పాటు కార్డు జిరాక్స్ కూడా పట్టుకెళ్తున్నాం.