ఒడిశా నంబరు లారీ గుద్దితే మన ఫుల్ ఇన్సూరెన్స్ ఎంతవరకు ఆదుకుంటుంది?

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒడిశా లారీలకు కొదవ లేదు. బరంపురం వైపువి ఓడీ 07, పర్లాఖెముండివి ఓడీ 20, సాలూరు ఘాటీ దిగి విజయనగరం వైపు వచ్చే కోరాపుట్ బళ్లు ఓడీ 10. వీటిలో ఏదైనా మన కారుకి తగిలిందంటే పక్కనున్నవాళ్లు వెంటనే అనేమాట, "పరాయి రాష్ట్రం బండి కదా, మనకేం రాదు" అని. ఈ అపోహ వల్లే చాలామంది రోడ్డు మీదే ఐదువేలో పదివేలో పుచ్చుకుని రాజీపడిపోతున్నారు.

సొంత నష్టం క్లెయిమ్‌కి ఎదుటి బండి నంబరుతో పనిలేదు. అది మన పాలసీ, మన కంపెనీ, మన బండి. గుద్దింది ఓడీ లారీ అయినా, గేదె అయినా, కల్వర్టు గోడ అయినా లెక్క ఒకటే. తప్పు అవతలివాడిదైనా మన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం పోతుంది. ఈ సేవలో న్యాయంగా అనిపించని మొదటి సంగతి ఇదే. కొంచెం డబ్బు ఎక్కువైనా బోనస్ ప్రొటెక్షన్ తీసుకోవడం హైవే మీద రోజూ తిరిగేవాళ్లకు మేలు.

క్లెయిమ్ నిలబడేదీ పడిపోయేదీ మొదటి గంటలోనే. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, హైవే మీద క్రేన్ కావాలంటే 1033. బళ్లు పక్కకు తీయకముందే నాలుగు ఫొటోలు కావాలి: రెండు నంబరు ప్లేట్లూ ఒకే ఫ్రేములో పడేలా ఒకటి, టైరు జారిన మరకలతో రోడ్డు, దగ్గర్లోని కిలోమీటరు రాయి, లారీ డోరు మీద రాసిన పర్మిట్, యజమాని వివరాలు. ఎం-పరివాహన్ యాప్‌లో ఓడీ నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటిదాకా ఉంది, ఫిట్‌నెస్ ఉందా అన్నవి అక్కడికక్కడే తెలుస్తాయి. ఆ తెర స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోవాలి గానీ, లైసెన్సు లాక్కోకూడదు.

రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. కంపెనీ అనుమతి లేకుండా ఎవరికీ ఒప్పుకోలు గానీ హామీ గానీ ఇవ్వకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. మనకు డబ్బు చెల్లించాక దాన్ని లారీ యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంది. ఆ హక్కును మనం ఐదువేలకు వదిలేశామంటే క్లెయిమ్ కోసేయడానికి వాళ్లకొక సాకు దొరికినట్టే.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది సరిహద్దులో తికమక. ప్రమాదం జరిగిన చోటి స్టేషనే లెక్క. పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటాక జరిగితే గంజాం జిల్లా పోలీసులది. ఎఫ్ఐఆర్ ఒడియాలో ఉంటే అనువాదం జతచేయాల్సి వస్తుంది. ఎవరికీ దెబ్బలు లేకుండా బండి మాత్రమే నలిగితే జీడీ ఎంట్రీ (స్టేషన్ డైరీలో రాసుకున్న నమోదు) నకలైనా అడిగి తీసుకోండి. కేసు కట్టినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ అయ్యేదాకా బండి విప్పకూడదు.

ఇక షెడ్డు సంగతి. క్యాష్‌లెస్ అంటే కంపెనీ జాబితాలో ఉన్న షెడ్డుకి మాత్రమే. కొన్ని కంపెనీల కార్లకు బాడీ షాపు దగ్గర్లో దొరక్క విశాఖ దాకా తీసుకెళ్లాలి. ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోయిన కారుకి అది రెండువందల కిలోమీటర్ల పైమాటే. మామూలు పాలసీలో కారు టోయింగ్‌కి ఇచ్చేది 1,500 రూపాయలు. ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్ కొనేముందు ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారో కాగితం మీద చూడాలి. రేడియేటరు పగిలి నీళ్లు కారిపోయినా, ఆయిల్ చాంబరు చిట్లినా మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆ తర్వాత ఇంజను పట్టేస్తే అది ప్రమాదం వల్ల వచ్చిన నష్టం కాదని తేల్చేస్తారు.

సర్వేయరు (నష్టం అంచనా వేసే మనిషి) చూడకముందే బంపరు విప్పడం మన షెడ్లలో తరచూ జరిగే తప్పు. విప్పాక లోపల ఇంకా దెబ్బ కనిపిస్తే మళ్లీ పిలిపించి చూపించాలి. నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సున్న సర్వేయరే రావాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయరుని కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆపైన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఈ గడువులు చాలామంది పాలసీదారులకు తెలియవు. తెలిసినవాడు ఫోన్‌లో తేదీలు చెప్పి అడిగితే పని కదులుతుంది.

బిల్లు దగ్గరే అందరికీ గుండె జారేది. మూడున్నరేళ్ల 1200 సీసీ కారుని ఉదాహరణగా తీసుకుందాం. బంపరు 9,000, హెడ్‌లైటు 14,000, బానెట్, ఫెండర్ కలిపి 14,000, ముందు అద్దం 8,000, లేబర్ 6,000, పెయింటు 12,000. మొత్తం 63,000. ప్లాస్టిక్ మీద తరుగు (పాతబడినందుకు కోసే విలువ) సగం కాబట్టి బంపరుకి 4,500, హెడ్‌లైటుకి 7,000 వస్తాయి. ఇనుప భాగాలకు మూడు నుంచి నాలుగేళ్ల మధ్య తరుగు 25 శాతం, అంటే 10,500 వస్తుంది. అద్దానికీ లేబర్‌కీ తరుగు లేదు. పెయింటు బిల్లులో నాలుగోవంతు సరుకు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, మిగిలేది 10,500. అంతా కలిపి 46,500. తప్పనిసరి కోత 1,000 తీస్తే చేతికొచ్చేది 45,500. యజమాని జేబులోంచి 17,500 పోతాయి. జీఎస్టీ, తుక్కు కింద పట్టుకునేవి ఈ లెక్కలో లేవు. అదే నిల్ డిప్ (తరుగు కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) ఉంటే తప్పనిసరి కోతతో సరి. క్లిప్పులు, ఆయిల్, కూలంట్ లాంటివి మాత్రం విడిగా మన నెత్తినే పడతాయి. అయిదేళ్లలోపు కారుకి నిల్ డిప్ లేకుండా ఈ రోడ్ల మీద తిరగడం తెలివైన పని కాదు. చిన్న గీతలకు మాత్రం క్లెయిమ్ పెట్టకండి. సొంత నష్టం ప్రీమియం 8,000, బోనస్ 35 శాతం అయితే వచ్చే ఏడాది 2,800 పోతుంది, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

ఎదుటి బండి నంబరు నిజంగా లెక్కకొచ్చేది థర్డ్ పార్టీ దారిలో, అంటే గుద్దిన బండి ఇన్సూరెన్స్ ఎదుటివాళ్ల నష్టం భరించే దారిలో. మనకు దెబ్బలు తగిలినా, మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నా ఆ లారీ ఇన్సూరెన్స్ మీద వెళ్లాలి. ఇక్కడ చట్టం మనవైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద దావా మనం ఉండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. లారీ బరంపురంది అయినా శ్రీకాకుళం గానీ విజయనగరం గానీ జిల్లా కోర్టులో ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేస్తే చాలు. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు, ఆ గడువు దాటకుండా చూసుకోవాలి. లారీ డ్రైవరుకి లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ తప్పించుకుంటుందన్న భయం చాలామందికి ఉంది. అలాంటి కేసుల్లో కోర్టులు తరచూ ముందు బాధితుడికి కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. ఆస్తి నష్టానికి మాత్రం కార్లకూ లారీలకూ హద్దు ఏడున్నర లక్షలు. ప్రీమియం తగ్గించుకోవడానికి కొందరు యజమానులు దాన్ని 6,000కి కుదించుకుంటారు. అప్పుడు మిగతాది యజమాని నుంచే రాబట్టాలి. లారీకి అసలు ఇన్సూరెన్సే లేకపోతే పూచీకత్తు లేకుండా బండి విడుదల చేయవద్దని కోర్టులో అభ్యంతరం పెట్టాలి. ఒకసారి సరిహద్దు దాటిపోయిందంటే వెనక తిరగడం కష్టం. గుద్ది పారిపోయి, నంబరు దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 వస్తాయి. ఈ దారి నిదానమే, ఏళ్లు పడుతుంది. అయినా పెద్ద దెబ్బలు తగిలినవాళ్లు దీన్ని వదులుకోకూడదు.

నిజంగా విదేశీ ప్లేటున్న టూరిస్టు బండి తగిలితే ఎం-పరివాహన్‌లో ఏమీ కనిపించదు. 2022 నిబంధనల ప్రకారం అలాంటి సొంత బండిలో రిజిస్ట్రేషన్ పత్రం, లైసెన్సు లేదా అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, మన దేశంలో చెల్లే ఇన్సూరెన్స్ పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఇంగ్లీషులో లేనివాటికి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. వీటితోపాటు పాస్‌పోర్టు వివరాలు కూడా పోలీసుల చేత అక్కడే రాయించాలి, ఎందుకంటే ఆ మనిషి దేశం దాటాక నోటీసు అందించడమే పెద్ద పని. మన కారుతో నేపాల్ యాత్రకి వెళ్లేవాళ్లు తిరకాసు తెలుసుకోవాలి: మన పాలసీ భారతదేశం హద్దులకే. ఐఎంటీ 1 ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) ముందుగా రాయించుకుంటేనే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి చోట్లకు విస్తరిస్తుంది.

కంపెనీ ఆలస్యం చేసినా, కోత అన్యాయమనిపించినా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో గానీ 155255కి గానీ వెళ్లండి. నెల దాటినా తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉన్నారు, ఆంధ్ర జిల్లాలన్నీ ఆ పరిధిలోనివే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సర్వే రిపోర్టు నకలు అడిగి తీసుకుని జతచేయండి, ఏ భాగానికి ఎంత కోశారో అందులోనే ఉంటుంది.