జెన్‌డెస్క్‌లో కండిషనల్ ఫీల్డ్స్: మూడున్నరేళ్ళు వాడాక

మా కస్టమర్లు ఫారంలో నింపిన సీరియల్ నంబర్లన్నీ ఒకరోజు ఎక్సెల్‌లోకి దించి చూశాను. 0000. 1234. 999999. ఒకాయన తన ఫోన్ నంబరే రాశాడు. ఇంకొకరు తెలుగులో 'తెలీదు' అని టైప్ చేశారు. ఆ మొత్తం లిస్టులో నిజం చెప్పింది బహుశా వాళ్ళొక్కరే.

మాది ఇళ్ళకు వాటర్ ప్యూరిఫయర్లు అమ్మే కంపెనీ. హైదరాబాద్‌లో సపోర్ట్ టీమ్, షిఫ్టులన్నీ కలిపి ఇరవై మందిమి. కస్టమర్ల ఫిర్యాదులను ఒక్కోదాన్నీ ఒక 'టికెట్'గా నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ జెన్‌డెస్క్. దాని అడ్మిన్ పని నా నెత్తిన పడి మూడున్నరేళ్ళయింది. అందులో నా సమయం ఎక్కువ తిన్నవి ఈ కండిషనల్ ఫీల్డ్సే కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: ఫీల్డ్ అంటే ఫారంలో నింపే గడి, ముందు ఎంచుకున్నదాన్ని బట్టి కనబడే గడి కండిషనల్ ఫీల్డ్. ఫారంలో 'సమస్య ఏంటి' అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. కస్టమర్ 'నీళ్ళు కారుతున్నాయి' అని ఎంచుకుంటే 'ఎక్కడి నుంచి' అనే ప్రశ్న రావాలి. 'ఫిల్టర్ మార్చాలి' అంటే మోడల్ అడగాలి. 'డబ్బు వాపసు' అంటే ఆర్డర్ నంబర్ చాలు, మిగతావేవీ కనబడకూడదు. అడ్మిన్ సెంటర్‌లో టికెట్ ఫారం తెరిచి, కండిషన్స్‌లోకి వెళ్ళి, ఏ ఫీల్డ్‌లో ఏ ఆప్షన్ ఎంచుకుంటే ఏ ఫీల్డ్ కనబడాలో, అది తప్పనిసరో కాదో చెప్తే సరిపోతుంది. కోడ్ అక్కర్లేదు. మొదటి కండిషన్ పెట్టడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత సులువా అనుకున్నాను. ఆ సులువే తర్వాత నా కొంప ముంచింది.

ఏజెంట్లకు, అంటే మా సపోర్ట్ టీమ్‌కు, ఒక కండిషన్ల జాబితా, కస్టమర్లకు ఇంకో జాబితా. రెండూ వేరు, ఒకచోట పెట్టింది రెండోచోటికి దానంతటదే రాదు. ఈ సంగతి ఆ స్క్రీన్ మీదే కనబడుతోంది, నేనే చూడలేదు. ఒక శుక్రవారం సాయంత్రం ఏజెంట్ల వైపు అన్నీ చక్కగా పెట్టి, నా లాగిన్‌లోనే టెస్ట్ చేసుకుని, బ్రహ్మాండం అనుకుని ఇంటికెళ్ళిపోయాను. సోమవారం వచ్చేసరికి మా టీమ్‌లో కుర్రాడు, "అక్కా, ఫిల్టర్ కావాలన్నవాళ్ళను కూడా ఆర్డర్ నంబర్ అడుగుతున్నామేంటి?" అన్నాడు. కస్టమర్ల వైపు కండిషన్ ఒక్కటీ లేదు కాబట్టి పద్నాలుగు ఫీల్డ్సూ ఒకేసారి కనబడ్డాయి. ఆ రెండు రోజుల్లో ఎంతమంది ఫారం చూసి బెదిరి వెనక్కి వెళ్ళిపోయారో లెక్క లేదు. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, కస్టమర్‌లా ఒక టికెట్ వేసి చూశాకే బ్యాగు సర్దుకుంటున్నాను.

ఇంకో సంగతి. కండిషన్ ఒక్కో ఆప్షన్‌కు విడిగా పెట్టాలి. కొత్త మోడల్ వచ్చినప్పుడు డ్రాప్‌డౌన్‌లో దాని పేరు చేర్చి ఊరుకున్నాను. పాత మోడళ్ళకున్న కండిషన్లు దానికి కూడా వర్తిస్తాయని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. కొత్త మోడల్ ఎంచుకున్నవాళ్ళకు తర్వాత రావాల్సిన ప్రశ్న రాలేదు, పది రోజులకు గానీ నేను కనిపెట్టలేదు. ఎర్రర్ వచ్చే వ్యవహారం కాదిది, ఖాళీగా వచ్చిన టికెట్లు చూసి మనమే పసిగట్టాలి.

ట్యాగ్‌ల గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. డ్రాప్‌డౌన్‌లో ప్రతి ఆప్షన్‌కూ ఒక ట్యాగ్ ఉంటుంది, అది ఎంచుకుంటే టికెట్‌కు అంటుకునే చిన్న గుర్తు. ఒక ఫీల్డ్‌లో వాడిన ట్యాగ్‌ను మరో డ్రాప్‌డౌన్‌లో వాడనివ్వదు. 'వారంటీ ఉందా' అన్నచోట ఉత్త 'యెస్' అని పెట్టేస్తే, 'ఇన్‌స్టలేషన్ అయిందా' అన్నచోట మళ్ళీ అదే పెట్టడం కుదరదు. ట్యాగ్ ముందు ఫీల్డ్ పేరు తగిలించడం మొదటి రోజే అలవాటు చేసుకోండి. ట్రిగ్గర్లూ (ఫలానాది జరిగితే దానంతటదే నడిచే రూల్స్) రిపోర్టులూ ఆ ట్యాగ్‌ల మీద నడవడం మొదలయ్యాక పేర్లు మార్చబోతే, పాత టికెట్లలో పాత ట్యాగ్, కొత్తవాటిలో కొత్త ట్యాగ్ ఉండి లెక్కలు తేడా వస్తాయి. పైగా టికెట్ మీద ఆ ట్యాగ్ చెరిపేస్తే ఫీల్డ్‌లో ఎంచుకున్నది కూడా పోతుంది. మా వాళ్ళొకరు 'ఈ చెత్తంతా ఏంటి' అని ట్యాగ్‌లు శుభ్రం చేసినప్పుడు ఈ ముక్క తెలిసింది.

మళ్ళీ సీరియల్ నంబర్ల దగ్గరికొస్తాను. రిపేర్ అడిగిన ప్రతివాళ్ళకూ ఆ ఫీల్డ్ తప్పనిసరి చేసింది నేనే. ఆ నంబర్ ఉంటే వారంటీ చూడటం తేలిక, మీటింగ్‌లో అందరూ తలలూపారు. 0000 లిస్టు చూశాక, అలా రాసినవాళ్ళలో ఒకావిడకు ఫోన్ చేశాను. గుంటూరు వైపు ఊరు. మెషిన్ వెనక స్టిక్కర్ మీద ఉంటుందండీ అన్నాను. "వెనకా? ఎట్టా చూసేదమ్మా, గోడకి బిగించి పోయారుగా మీవోళ్ళు!" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటికే రెండేళ్ళుగా ఆ మెషిన్ల సపోర్ట్ చూస్తున్నాను, బిగించాక ఆ స్టిక్కర్ గోడ వైపు తిరిగిపోతుందన్న ఆలోచనే రాలేదు.

ఫీల్డ్ పక్కన వివరణ రాసుకోవచ్చు. ఏజెంట్లకు ఒక పేరు, కస్టమర్లకు ఒక పేరు చూపించొచ్చు. అవన్నీ చేశాను కూడా. కానీ గోడకున్న మెషిన్‌ను ఏ వివరణ తిప్పుతుంది? చివరికి కస్టమర్ల వైపు ఆ ఫీల్డ్ తీసేసి, కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబర్ మాత్రం అడుగుతున్నాం. ఏజెంట్ల వైపు కండిషన్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. ఫీల్డ్‌ను ఎప్పుడూ తప్పనిసరి చేయొచ్చు, అసలు చేయకపోవచ్చు, లేదా టికెట్ ఫలానా స్టేటస్‌కు వచ్చినప్పుడే చేయొచ్చు. సీరియల్ నంబర్‌ను 'సాల్వ్డ్'కు పెట్టాను. టెక్నీషియన్ ఇంటికి వెళ్ళి మెషిన్ దించినప్పుడు స్టిక్కర్ ఫొటో పంపుతాడు, టికెట్ మూసేటప్పుడు మా వాళ్ళు ఆ నంబర్ ఎక్కిస్తారు. కండిషనల్ ఫీల్డ్స్‌లో నాకు నచ్చినది ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను.

అదే వెసులుబాటును అతిగా వాడితే ఏమవుతుందో కూడా చూశాను. టికెట్ మూసేముందు 'మూల కారణం' తప్పనిసరి అని పెట్టాను, ఇరవై రెండు ఆప్షన్లతో. షిఫ్టు అయిపోవడానికి పది నిమిషాలుండగా ఇరవై రెండు ఆప్షన్లు ఎవరు చదువుతారు? అందరూ 'ఇతరాలు' నొక్కి ఇంటికెళ్ళారు. ఆ నెల రిపోర్టులో మా మెషిన్లకు వచ్చే అతి పెద్ద జబ్బు 'ఇతరాలు' అని తేలింది. ఏడు ఆప్షన్లకు తగ్గించి, ఎక్కువగా వచ్చే సమస్యలకు మాక్రోల్లోనే, అంటే ముందే రాసిపెట్టుకున్న జవాబుల్లోనే, కారణం కూడా సెట్ చేశాను. జవాబు పంపే క్లిక్కుతోనే అదీ నిండుతుంది, ఏజెంట్ విడిగా ఆలోచించక్కర్లేదు.

కొనేముందు ఒకటి గమనించండి. మీ కస్టమర్లలో ఎక్కువమంది ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసేవాళ్ళయితే, కస్టమర్ల వైపు పెట్టిన కండిషన్లు వాళ్ళకు కనబడనే కనబడవు. ఉత్తరం రాసేవాడి ముందు ఫారం ఉండదు కదా. ఆ టికెట్లు ఖాళీ ఫీల్డ్స్‌తో వస్తాయి, ఏజెంటే నింపాలి. మాకు సగానికి పైగా టికెట్లు ఈమెయిల్‌వే. అందుకే ఏజెంట్ల వైపు కండిషన్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టడం మొదలుపెట్టాను, ముందే పెట్టాల్సింది. ఈ సౌకర్యం అన్ని ప్లాన్లలోనూ ఉండదు, అది కూడా చూసుకోండి.

ఇంతకుముందు పనిచేసిన చోట ఫ్రెష్‌డెస్క్ వాడాం, ఇలాంటి సాఫ్ట్‌వేరే, చెన్నైలో పుట్టినది. అక్కడ మూడు మెట్ల డిపెండెంట్ ఫీల్డ్ ఉంటుంది: విభాగం, అందులో ఉపవిభాగం, అందులో వస్తువు. డ్రాప్‌డౌన్ ఆప్షన్ కింద తెరుచుకునే సెక్షన్లూ ఉన్నాయి. మీ ప్రశ్నలు అలా చెట్టు కొమ్మల్లా ఉంటే అదే తొందరగా అయిపోతుంది. ఏజెంటుకు ఒకటి, కస్టమర్‌కు ఒకటి చూపించాల్సిన మాలాంటి వ్యవహారానికి జెన్‌డెస్క్ పద్ధతే కుదిరింది.

ఇప్పుడు కస్టమర్‌కు కనబడే ఫీల్డ్స్ పద్నాలుగు నుంచి ఐదుకు వచ్చాయి, అందులోనూ ఒకరికి ఒకసారి మూడుకు మించి కనబడవు. కండిషన్లన్నీ నా నోట్‌బుక్‌లో రెండు పేజీల్లో గీసి ఉన్నాయి, ఏజెంట్లవి నీలం పెన్నుతో, కస్టమర్లవి ఎర్ర పెన్నుతో. వచ్చే నెల ఇంకో కొత్త మోడల్ వస్తోంది. డ్రాప్‌డౌన్‌లో పేరు చేర్చకముందే ఈసారి ఆ పేజీలో గీశాను.