కొబ్బరి తోటలో డిష్ బిగించాలంటే ఇతన్నే పిలవండి

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటి చుట్టూ కొబ్బరి తోటే. డీడీ ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టాల్సిందేమీ లేదు, డిష్షూ, దాని సెట్‌టాప్ బాక్సూ ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఇన్ని చెట్ల మధ్య దాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన మనిషి దొరకడమే కష్టం. మలికిపురం రోడ్డులో టీవీ రిపేరు కొట్టు నడిపే కుర్రాడికి ఆ సంగతి బాగా తెలుసు.

అంతకుముందు ఇంకెవరో వచ్చి పెరటి గోడకి బిగించి వెళ్లారు. సముద్రపు గాలి మొదలైతే చాలు, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయేది. సరిగ్గా సప్తగిరిలో వార్తల వేళకి అలా అయితే మా అత్తయ్యగారికి ఎంత బాధో!

ఈ అబ్బాయి వస్తూనే నిచ్చెన అడగలేదు. పెరట్లో నిలబడి ఆగ్నేయం వైపు పైకి చూశాడు. ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన కోనసీమ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, ఇంచుమించు 66 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. డిష్ మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, దాని తయారీయే అలాంటిది. అందుకే డిష్‌కి ఎదురుగా చెట్టు లేదని బిగించేస్తారు, పైన వాలిన మట్టని ఎవరూ పట్టించుకోరు. "ఆయ్, గాలికి ఆ మట్ట ఊగినప్పుడల్లా సిగ్నల్‌కి అడ్డొస్తోందండి" అని వేలు పెట్టి చూపించాడు. డిష్ కంటే చెట్టు ఎంత ఎత్తుంటే, మట్టల చివరి నుంచి అందులో సగం దూరం జరిగితే చాలట. చెట్టు కొట్టమనలేదు, అదే నాకు బాగా నచ్చింది. డాబా మీద వాయవ్య మూలకి మార్చాడు.

గొట్టానికి రసమట్టం ఆనించి నిట్టనిలువుగా ఉందని చూసుకున్నాకే డిష్ తగిలించాడు. కింద మా అమ్మాయి టీవీ ముందు కూర్చుని తెర మీది సిగ్నల్ అంకెలు చెబుతుంటే, "స్ట్రెంత్ వద్దమ్మా, క్వాలిటీ చెప్పు. స్ట్రెంత్ ఎటు తిప్పినా చూపిస్తుంది" అన్నాడు. వెంట్రుకవాసి జరపడం, బాక్సు సిగ్నల్ పట్టుకునేదాకా ఆగడం, మళ్లీ జరపడం. ఆఖర్న ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న పరికరాన్ని, దాని పట్టులోనే కొద్దిగా తిప్పితే క్వాలిటీ ఇంకా పెరిగింది. నట్లు కూడా ఒకదాన్నే బిగించేయకుండా అటొకటి ఇటొకటి బిగించాడు, లేకపోతే డిష్ పక్కకి లాగేస్తుందట.

కేబుల్ పాత కొస కోసి చూపించాడు. లోపలి రాగి తీగ నల్లబడి, పైన అల్లిక పచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్త కనెక్టర్ వేసి, టేపు కింది నుంచి పైకి చుట్టి, వాన నీళ్లు లోపలికి పోకుండా కేబుల్‌ని కిందికి ఒక వంపు వదిలి కట్టాడు.

కుండపోతగా వాన పడితే ఎవరు పెట్టినా సిగ్నల్ కాసేపు పోతుందని ముందే చెప్పాడు, అలాగే పోతోంది, తెరిపివ్వగానే వచ్చేస్తోంది. గాలికి మాత్రం బొమ్మ చెదరడం లేదు. సామానుతో కలిపి 700 తీసుకున్నాడు. ఆ పనికి ఎక్కువేం కాదు.

అయితే చెప్పిన వేళకి రాడు, పనిలో ఉంటే ఫోనూ ఎత్తడు. పొద్దున్నే కొట్టు తీసే వేళకి మీరే వెళ్లి వెంటబెట్టుకు రండి.